వెంకటగిరియప్ప సీటు

పీణ్య,
జూన్ మొదటి వారం

అర్చనకు, అత్తయ్య వ్రాస్తున్నది.

బడి తెరిచారని ఈ ఉదయం ప్రార్థన గంట విని తెలుసుకున్నాను. కొట్టినది కాపలాదారు చిక్కమునియప్పే అయి ఉండాలి. చివరి దెబ్బకు ముందు కాస్త ఆగే అలవాటు అతనికి ఇంకా పోలేదు. నేను స్థాపించిన బడి గంట నా వంటింట్లోకి వినబడుతూ ఉండగా, ఆ బడికి ప్రధానోపాధ్యాయినివైన నువ్వు నగరం ఆ కొసన హూడిలో కూర్చొని నా క్షేమం అడుగుతూ ఉత్తరం వ్రాయడం వింతగానే ఉంది. కాని ఈ ఏర్పాటు నేను చేసినదే. పోయిన వేసవిలో ఒక డాక్టరును వెంటబెట్టుకొని వచ్చి, నన్ను అడగకుండానే నా చీరలు పెట్టెలో సర్దావు. ఆ రోజున చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను. నేను పిలవనిదే నువ్వు నా గడప తొక్కరాదు. ఫోను కూడా వద్దు. చెప్పదలచినది కాగితం మీద పెట్టి చిక్కమునియప్ప చేతికియ్యి. కాగితం ముందు కూర్చున్నప్పుడు మనుషులు కొంచెం ఆలోచించి మాట్లాడతారు.

నా కళ్ళు నాకు కావలసినంత కనబడుతున్నాయి. టిఫినుకు ముందు వేసే ఇన్సులిన్ సూది నేనే వేసుకుంటున్నాను. సిరంజి మీది గీతలు కనబడని రోజున నీ ఇంటికి వచ్చి ఉంటానని డాక్టరు ఎదుట మాట ఇచ్చాను. ఆ రోజు ఇంకా రాలేదు. అక్షరాలు పెద్దవయ్యాయని అన్నావు. స్కెచ్ పెన్నుతో వ్రాస్తే అలాగే ఉంటాయి.

నా దినచర్యలో మార్పు లేదు. స్నానం, పూజ, సూది, సరిగ్గా ఎనిమిదిన్నరకు టిఫిను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ఎనిమిదిన్నర గంట కోసం చల్లారిన ఉప్మాను నిలబడి మింగినదాన్ని. పదవీ విరమణ తరువాత నాకు నేను ఇచ్చుకున్న సౌఖ్యం, కూర్చొని వేడిగా తినడం ఒక్కటే. దాన్ని ఎవరికోసమూ వదులుకోను.

మా నాన్నగారి పేర ఇచ్చే ఉచిత సీటును ఈ ఏడు కూడా మా వీధి చివరి వఠారంలోని వర్షిణికే కొనసాగించు. నాలుగో తరగతికి వచ్చింది. తండ్రి మునీంద్రకు లేత్ మెషీను మీద పని. తల్లి సొన్నమ్మ గార్మెంట్స్‌కు వెళుతుంది. సాయంత్రాలు నా దగ్గరకు వచ్చి తెలుగు చదవడం నేర్చుకున్నది. చురుకైన పిల్ల. అయితే హాజరు నియమం ఆమెకూ నియమమే. గంట మ్రోగాక వచ్చిన పిల్ల మొదటి పీరియడంతా గేటు పక్క బెంచీ మీద కూర్చోవాలి. మూడు ఆలస్యాలు ఒక గైరుహాజరు. గైరుహాజర్లు హద్దు దాటితే వెంకటగిరియప్ప సీటు పోతుంది. మనం చేస్తున్నది దానం కాదు, పెంపకం.

నీ అత్తయ్య,
నళిని


హూడి,
జులై, ఆదివారం

అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఆరోగ్యం గురించి అడగవద్దన్నారు కనుక అడగను. బడి గురించి వ్రాస్తాను.

వర్షిణి రోజూ ఆలస్యంగా వస్తోంది. రోజూ అంటే నిజంగా రోజూ. ప్రార్థన అయిపోయి పిల్లలు వరుసల్లో క్లాసుల్లోకి వెళ్ళాక, గేటు కమ్మీల మధ్య ఆమె ముఖం కనబడుతుంది. మొన్న నేనే గేటు దగ్గర నిలబడ్డాను.

"ఎందుకే ఆలస్యం?"

"నిద్ర పట్టేసింది మిస్."

చిక్కమునియప్ప ఊరుకోలేదు. "ఇది నిద్రపోయిన మొఖమామ్మా? తల దువ్వుకొని, బొట్టు పెట్టుకొని, చెమటలు కారతా వచ్చిండాది. యామే, పరిగెత్తుకుంటా నిద్రపోయినావా?" కిటికీల్లోంచి పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి బెంచీ మీద తన చోటులో కూర్చుంది. ఆ బెంచీ మీద ఆమెకు ఒక చోటు ఏర్పడిపోయింది, అత్తయ్యా. నాకు బాధ కలిగించినది అదే.

మొదటి పీరియడు లెక్కలు. ఈ నెలలో ఆమె విన్న లెక్కల పాఠం ఒక్కటీ లేదు. అందుకని ఒక ఆలోచన వచ్చింది. ప్రార్థన గంటను పావుగంట వెనక్కు జరిపితే ఏం పోతుంది? ఫ్యాక్టరీలకు వెళ్ళే తల్లిదండ్రుల పిల్లలే మనకు ఎక్కువ. ట్రస్టు అధ్యక్షురాలిగా మీ సంతకం ఉంటే వచ్చే వారం నుంచే మార్చవచ్చు.

ఇంకొకటి. ఆ పిల్ల మీ వీధిదే. సాయంత్రాలు మీ దగ్గరకే వస్తుంది. అసలు సంగతి ఏమిటో మీరు మెల్లగా అడిగి చూస్తారా? మీకు చెబుతుంది.

అర్చన


పీణ్య,
జులై చివర

అర్చనకు.

గంట జరపను. ఆ గంట ఈ వీధులకు గడియారం. సైరన్ కంటె ముందు దాన్ని విని బయలుదేరే కార్మికులు ఇంకా ఉన్నారు. ఒక పిల్ల సోమరితనం కోసం బడిని వెనక్కు నెట్టడం మొదలుపెడితే, రేపు ఇంకొకరి కోసం ఇంకొంచెం నెడతావు. చివరకు మధ్యాహ్నం భోజనం వేళకు ప్రార్థన చేయించుకోవచ్చు.

నువ్వు అడగమన్నావు కనుక అడిగాను. "ఏమమ్మా, ఎందుకు ఆలస్యం?" అన్నాను. నా ముఖంలోకి చూసి, "నిద్ర పట్టేస్తుంది పెద్ద మిస్" అంది. నీకు చెప్పినదే నాకూ చెప్పింది. ఆ నిలకడ నాకు నచ్చింది. కారణం తెలిసింది కనుక ఇక వెదకవద్దు.

ఆ బెంచీ చూసి నీకు బాధ కలిగిందని వ్రాశావు. నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకనాడు ఆటల్లో పడి దీపాల వేళ దాటాక ఇంటికి వచ్చావు. నేను తలుపు తీయలేదు. వాన పడుతున్నది. నా పూజ ముగిసేదాకా మెట్ల మీద నిలబడ్డావు. మరునాటి నుంచి నువ్వు దీపాల వేళ దాటి రాలేదు. అమ్మా నాన్నా లేని పిల్లవని నేను ఆ రోజు తలుపు తీసి ఉంటే, ఈ రోజు నువ్వు ప్రధానోపాధ్యాయిని కుర్చీలో ఉండేదానివి కావు. నీకు మేలు చేసిన పద్ధతి మరొక పిల్లకు కీడెలా అవుతుందో వివరించి వ్రాయగలిగితే వ్రాయి.

నళిని


హూడి,
ఆగస్టు

అత్తయ్యకు.

ఆ వాన నాకు జ్ఞాపకముంది. మీకు కూడా జ్ఞాపకముందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

వివరించగలిగితే వ్రాయమన్నారు. వాదన చేయను, జరిగినది చెబుతాను. సొన్నమ్మను బడికి పిలిపించాను. ఫ్యాక్టరీలో అరపూట సెలవు పెట్టి వచ్చింది. ఆలస్యం మాట ఎత్తగానే ఆమె ముఖం పాలిపోయింది.

"ఏం మిస్ ఇట్లంటారు? ఏడున్నరకే జడేసి పంపిస్తా ఉండాను. ఆమె పోయినాకనే నేను బస్సుకు పోయేది. బిడ్డను ఇంట్లో పండబెట్టి బీగం వేసుకొని పోయే తల్లినా నేను?"

వఠారం నుంచి బడికి నడక ఎంత? ఒక పాట పాడుకునేంత. తల్లి కూతురి వైపు తిరిగింది. "యాడికి పోతా ఉండావే? చెప్పు. చెప్పకుంటే ఈడనే తోలు తీస్తా." నేను లేచేలోపలే చెంప మీద కొట్టింది. ఇంకో చెంప మీద కొట్టింది. వర్షిణి నా బల్ల అంచు పట్టుకొని నిలబడింది. ఏడవలేదు. చివరకు, "ఒట్టు పెట్టినానమ్మా" అంది. ఎవరికి అంటే మళ్ళీ నోరు విప్పలేదు.

రోజూ ఉదయం ఒక ఆడపిల్ల ఎక్కడికో వెళుతోంది. ఎవరో ఆమె చేత ఒట్టు పెట్టించుకున్నారు. మన పీణ్య వీధుల్లో ఎన్ని షెడ్లు, ఎన్ని గోడౌన్లు, ఎలాంటి మనుషులు ఉంటారో మీకు తెలుసు. ఇక ఇది హాజరు సంగతి కాదు. సోమవారం నుంచి చిక్కమునియప్పను ఆమె వెనకాలే వెళ్ళమంటున్నాను. గంట అటెండరు శివ కొడతాడు.

అర్చన


పీణ్య,
ఆగస్టు

అర్చనకు.

నీ ఉత్తరం అందిన గంటలోనే ఇది వ్రాస్తున్నాను. చిక్కమునియప్పను వీధిలోనే నిలబెట్టాను.

ఒక చిన్నపిల్ల వెనక ముసలి కాపలాదారును గూఢచారిలా తిప్పడం బడికి సిగ్గుచేటు. నేను ఉన్నంతకాలం అది జరగరాదు. నువ్వు సినిమాలు చూసి భయపడుతున్నావు. సంగతి సులభం. తల్లి అబద్ధం చెబుతున్నది. తెల్లవారేదాకా కుట్టుపని చేసి తాను నిద్రపోతుంది, పిల్లను లేపదు, నిన్ను చూడగానే భయపడి పిల్లను కొట్టి నాటకం ఆడింది. అటువంటి తల్లులను చాలామందిని చూశాను. ఒట్టంటావా, పిల్లలు రంగురాళ్ళ కోసం కూడా ఒట్లు పెట్టుకుంటారు.

విచారణ అవసరం లేదు, నియమం ఉన్నది. ఆలస్యాలను గైరుహాజర్లుగా మార్చు. హద్దు దాటి ఉంటుంది. వెంకటగిరియప్ప సీటును రద్దు చేయవలసిందిగా ట్రస్టు అధ్యక్షురాలి హోదాలో వ్రాతపూర్వకంగా కోరుతున్నాను. ఇదే ఆ వ్రాత. మా నాన్నగారి పేరు సోమరుల పక్కన ఉండరాదు. పిల్ల వెళ్ళిపోతే నీ భయమూ పోతుంది.

నళిని


హూడి,
సెప్టెంబరు

అత్తయ్యకు.

మీరు వద్దన్న పని చేశాను. చిక్కమునియప్ప చెప్పినది చెప్పినట్టే వ్రాస్తున్నాను.

"అమ్మా, ఆ బిడ్డ యాడికీ పోలేదు. పెద్ద మిస్ ఇంట్లోకే పోతా ఉండాది. గేటు తీసుకొని, చెప్పులు ఇప్పి, సొంత ఇంట్లోకి పోయినట్ల పోయింది. నేను కిటికీ కాడ నిలబడితిని. పెద్ద మిస్ పూజ అయ్యేదాకా గోడకు ఆనుకొని కూర్చునింది. బడి గంట కొట్టేకి ముందు పెద్ద మిస్ వచ్చి కుర్చీలో కూర్చునిరి. బిడ్డ సీసాలోంచి మందు సూదిలోకి గుంజి, వెలుతురుకు పట్టుకొని, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి చూసి, 'సరిగ్గా ఉండాది పెద్ద మిస్' అనింది. ఆయమ్మ పొడుచుకునిరి. అప్పుడు గంట మోగింది. బిడ్డ సంచి ఎత్తుకొని ఉరికింది. చూడమ్మా, నాకు ఏడుపొచ్చింది, పెద్ద మిస్ అప్పుడు ఇడ్లీ తింటా ఉండారు."

కొలతల పాఠంలో ఆ పిల్లకు వచ్చినది సున్నా. ఆ కొలత మీద మీరు బ్రతుకుతున్నారు.

అరగంట ముందు తిని ఉంటే సరిపోయేది, అత్తయ్యా. అంతే. అరగంట ముందు తిని ఉంటే ఆ పిల్ల ఒక్కరోజు కూడా ఆ బెంచీ మీద కూర్చునేది కాదు, తల్లి చేత దెబ్బలు తినేది కాదు. నర్సును పంపితే మెట్ల మీది నుంచే తిప్పి పంపారు. డాక్టరును వెళ్ళగొట్టారు. తొమ్మిదేళ్ళ పిల్ల చేత ఒట్టు పెట్టించుకున్నారు. ఆమెను బడిలోంచి తీసేయమని మీ చేత్తోనే వ్రాశారు.

ఇక నా మాట వినండి. ఒక కాగితం వ్రాయండి. వర్షిణి ప్రతి ఉదయం నా ఇంట్లో, నా పని మీద ఉన్నది, నాకు సిరంజి గీతలు కనబడవు అని. ఆ కాగితం చూపించి ఆమె ఆలస్యాలన్నీ కొట్టివేస్తాను. అదే కాగితం డాక్టరుకు చూపిస్తాను, మీరు మాట ఇచ్చినట్టు హూడికి వస్తారు. రెండింటికీ ఆ ఒక్క కాగితమే. వ్రాయకపోతే మీ కోరిక ప్రకారమే సీటు రద్దవుతుంది. మీ నియమం ఇన్నాళ్ళకు నా చేతికి వచ్చింది. నేనూ వదలను.

అర్చన


పీణ్య,
సెప్టెంబరు

అర్చనకు.

నీ ఉత్తరాన్ని నిదానంగా విన్నాను. నువ్వు ఇంత బాగా వ్రాయగలవని నాకు తెలియదు.

అటువంటి కాగితం నేను వ్రాయను.

చిక్కమునియప్ప కళ్ళు నా కళ్ళకంటె ముసలివి. అయినా అతని మాటను తోసివేయలేదు, పరీక్షించాను. నిన్న సాయంత్రం అతడిని గడప దగ్గర నిలబెట్టి, అతని ఎదుటనే పిల్లను అడిగాను. "వర్షిణీ, నువ్వు పొద్దున పూట నా ఇంటికి వస్తావా?" పిల్ల అతడిని చూసింది, నన్ను చూసింది. "లేదు పెద్ద మిస్. నేను నిద్రపోతా ఉంటాను" అంది. చిక్కమునియప్ప తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకొని, "యామమ్మా ఇది, బిడ్డ చేత ఇట్ల అనిపిస్తారా" అన్నాడు. నేను తలుపు వేసుకున్నాను. సాక్ష్యం ఇదీ. ఇందులో నీ కాగితానికి చోటు లేదు.

ఇప్పుడు నీ సంగతి. నిజం నీకు తెలిసిందని నువ్వే అంటున్నావు. అయితే నా కాగితం ఎందుకు? ప్రధానోపాధ్యాయినివి, నీ కలంతో ఆ ఆలస్యాలను ఈ క్షణం కొట్టివేయవచ్చు. కొట్టివేయవు. ఎందుకంటే ఆ పిల్ల నీకు పిల్ల కాదు, నన్ను హూడి దాకా ఈడ్చడానికి దొరికిన తాడు. నేను ఆమె కళ్ళు వాడుకున్నానని నిందిస్తున్నావు. నువ్వు ఆమె చదువును వాడుకుంటున్నావు. మన ఇద్దరిలో ఎవరు ఎక్కువ తీసుకున్నారో ఆమె పెద్దదయ్యాక తేల్చుకుంటుంది.

నీ ఇంట్లో గది సిద్ధం చేశావట. కిటికీకి కమ్మీలు, బాత్రూములో పట్టుకునే కడ్డీ, పిలిస్తే పలికే పనిమనిషి. నేను ఎవరి వేళకో తిని, ఎవరి వేళకో పడుకొని, ఎవరు వచ్చినా 'బాగున్నాను' అని చెప్పవలసిన గది. వద్దు. ఇంటి తాళం నా కొంగున ఉన్నంత కాలం నేను మనిషిని. దాని కోసం ఎవరి సీటు పోయినా పోనియ్యి.

నళిని


పీణ్య, బడి కార్యాలయం,
నవంబరు

అత్తయ్యకు.

ట్రస్టు సమావేశం జరిగింది. వర్షిణి సీటు రద్దయింది. మీ కోరిక కింద నా సంతకమే ఉంది. చివరి క్షణం దాకా మీరు వ్రాస్తారనుకున్నాను. చిక్కమునియప్పను ఆ ఉదయం మీ వీధిలో నిలబెట్టాను, మీరు పిలిస్తే వస్తాడని. మీరు పిలవలేదు. నేనూ కలం ఆపలేదు.

ఫీజు కట్టి చదివించే స్తోమత వాళ్ళకు లేదు. సర్కారు బడిలో ఏడాది మధ్యలో చేర్చాలంటే తిరగవలసిన తిరుగుడుకు మునీంద్రకు సెలవు దొరకదు. సొన్నమ్మ బడికి వచ్చింది. కూతురి పుస్తకాలు తీసుకుంటూ, "నా బిడ్డ దొంగతనం చేసిండాదా మిస్?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. "మరి?" అంది.

చివరి రోజున వర్షిణి అందరికంటె ముందు వచ్చింది. గేటు ఇంకా తీయలేదు. చిక్కమునియప్ప ఆశ్చర్యపోయి, "ఈ దినం ఎట్ల వచ్చినావే ఇంత బేగ?" అన్నాడట. "పెద్ద మిస్ ఈ పొద్దు ముందే తినేసినారు తాతా. చివరి రోజు కదా, పో అన్నారు."

అంటే మీకు సాధ్యమే, అత్తయ్యా. మొదటి నుంచీ సాధ్యమే.

ప్రార్థనలో ముందు వరుసలో నిలబడి గొంతెత్తి పాడింది. తరువాత లెక్కల క్లాసులో కూర్చుంది. టీచరు ఏం చెబుతున్నదో ఆమెకు అర్థం కాలేదు. ఎక్కడి నుంచి మొదలైందో తెలియని పాఠాన్ని నోరు తెరుచుకొని విన్నది.

అర్చన


పీణ్య,
డిసెంబరు

అర్చనకు.

నీ ఉత్తరంలోని ఏడుపు నాకు అక్కర లేదు. జరుగుతున్న మేలు విను.

వర్షిణి ఇప్పుడు తల్లి బస్సు ఎక్కగానే నా దగ్గరకు వచ్చి, దీపాల వేళ దాకా ఉంటున్నది. ఉదయం పరుగు లేదు, చెమట లేదు. సూది వేళకు గీత తప్పకుండా నింపుతుంది. నేను తిన్న తరువాత తానూ తింటుంది. ఆ తరువాత లెక్కలు చెబుతున్నాను. నీ టీచరు నాలుగు నెలల్లో చెప్పలేని భాగహారం నాలుగు వారాల్లో చెప్పాను. మధ్యాహ్నం నా కాళ్ళకు నూనె రాస్తుంది, పప్పులో రాళ్ళు ఏరుతుంది. చదువుకున్న ఇంట్లో పనిపాటలు కూడా చదువే.

ఇక్కడ ఆమె ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. నియమం ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ పిల్లలు వేళకు వస్తారు.

తెలుగు చదవడంలో మంచి ధార వచ్చింది. ఎందుకు రాదు? జులై నుంచి నీ ఉత్తరాలన్నీ ఆమే కదా నాకు చదివి వినిపిస్తున్నది. గేటు బెంచీ ఉత్తరం, తల్లి కొట్టిన ఉత్తరం, కాగితం వ్రాయమన్న ఉత్తరం. తన పేరు వచ్చిన చోట కూడా ఆగకుండా చదివేది. 'సీటు రద్దవుతుంది' అన్న చోట మాత్రం తడబడింది. మళ్ళీ చదవమన్నాను. రెండోసారి చక్కగా చదివింది.

నళిని


పీణ్య,
జనవరి

అర్చనకు.

వర్షిణి నిన్నా రాలేదు, ఈ రోజూ రాలేదు. వఠారంలో తాళం ఉన్నది. కనుక్కో.

నళిని


హూడి,
జనవరి

అత్తయ్యకు.

రాని పిల్ల ఇంటికి కబురు పంపి కారణం కనుక్కోవాలన్నదీ మీరు పెట్టిన నియమమే. కనుక్కున్నాను.

మునీంద్ర ఆమెను పావగడ దగ్గర తన తల్లి ఉన్న ఊళ్ళో వదిలిపెట్టి వచ్చాడు. అక్కడి బడిలో మూడో తరగతిలో కూర్చోబెట్టారట. సొన్నమ్మ వేరే పేటకు ఇల్లు మారుతోంది. ఏడాది పోయింది, కూతురు దూరమయింది. ఆమె మీ పేరు ఎత్తలేదు. ఆ ఒట్టు ఎవరికి పెట్టిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. వర్షిణి చెప్పలేదు.

ఊరికి వెళ్ళే ముందు ఆ పిల్ల గేటు దగ్గరకు వచ్చి, బెంచీ మీద తన చోటులో కాసేపు కూర్చున్నదట. చిక్కమునియప్పతో మీకు కబురు చెప్పింది. అతను మీ ఇంటికి రానని మొండికేశాడు కనుక నేను వ్రాసి తపాలాలో వేస్తున్నాను. "పెద్ద మిస్‌కి చెప్పు తాతా, సూది మీద పొడుగు గీత కాడ గోరు పెట్టి, ఆడి నుంచి గీసుకుంటా పోతే తెలస్తాదని. మసకగా ఉంటే కిటికీ కాడ కాదు, వాకిట్లో చూసుకోమను. ఒట్టు నేను తప్పలేదని కూడా చెప్పు."

మీరు ఈ కొద్ది రోజులు సూది ఎలా వేసుకుంటున్నారో నాకు తెలియదు. మీ చివరి ఉత్తరంలో నా పేరు కాగితం అంచు దాటి పోయింది. నేను రోజూ ఉదయం మీ వీధి మలుపు దగ్గర కాసేపు నిలబడి బడికి వెళుతున్నాను. పిలవనిదే గడప తొక్కవద్దన్నారు. తొక్కను. పిలవండి.

అర్చన


పీణ్య,
ఫిబ్రవరి

అర్చనకు, అత్తయ్య వ్రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. వర్షిణి చెప్పిన గోటి పద్ధతి చేసి చూశాను, పనికిరాలేదు. ఒక రోజు వాకిట్లో కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. ఎవరూ చూడలేదు. కొంచెం బెల్లం నోట్లో వేసుకొని లేచాను. దీనిని నేను ఫిర్యాదుగా వ్రాయడం లేదు.

నిన్ను పిలవడానికి కూడా కాదు ఈ ఉత్తరం. బడి పని మీద వ్రాస్తున్నాను.

వెంకటగిరియప్ప సీటు ఖాళీగా ఉన్నది. మా నాన్నగారి పేరు ఏడాది పొడుగునా ఖాళీగా ఉండరాదు. మా వీధి చివరి వఠారంలోనే, సొన్నమ్మ ఖాళీ చేసిన చోటికి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ పిల్ల పేరు ఆశ. ఎనిమిదేళ్ళు. తల్లి రెండు షిఫ్టులు చేస్తుంది. బుద్ధిమంతురాలు, చెప్పిన మాట బయట పెట్టదు. కళ్ళు చాలా బాగున్నాయి. ఎదురుగోడ మీద అంటించిన కాగితాన్ని నా గడప దగ్గర నిలబడి చదివింది. తెలుగు చదవడం ఇంకా రాదు. రెండు లిపులూ ఒక పోలికే, కన్నడ అక్షరాలు వచ్చు కనుక నీ ఉత్తరాన్ని కూడబలుక్కొని చదివి వినిపించింది. నెలలో నేర్పుతాను. జూన్‌లో ఆమెను మూడో తరగతిలో చేర్చుకో. వేళకు వస్తుందని నేను పూచీ.

ఈ సందర్భంలో మరొక విషయం. ప్రార్థన గంటను పావుగంట వెనక్కు జరపాలని నువ్వు జులైలో వ్రాశావు. నేను పునరాలోచించాను. కార్మికుల పిల్లల ఇబ్బందిని దృష్టిలో పెట్టుకొంటే అది సమంజసమైన కోరికే. పావుగంట చాలదు, అరగంట జరుపు. ట్రస్టు అధ్యక్షురాలిగా నాకు అభ్యంతరం లేదు. అనుమతి పత్రం దీనితో జత చేస్తున్నాను.

నా టిఫిను వేళ మారలేదు.

రెండు కాగితాల మీదా సంతకం ఎక్కడ పెట్టాలో ఆశే నా వేలు పట్టుకొని చూపించింది.

నళిని